ఆటల ఫొటో కలకాలం నిలిచేదెందుకు?

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం (భౌతికశాస్త్రం) విద్యార్థి

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఒక ఫొటో. ఈ సంచిక ఎన్ని పేజీలు తిరగేసినా ఆ ఫొటో మీకు కనిపించదు. ఎందుకు కనిపించదో చివర మనవి చేస్తాను.

పోయిన ఏడాది జరిగిన అంతర్ కళాశాలల క్రీడోత్సవంలో 5,000 మీటర్ల పరుగు జరుగుతుంటే నేను ఫోన్ పట్టుకుని ట్రాక్ పక్కన నుంచున్నాను. హాస్టల్లో నా గదిలోనే వుండే మిత్రుడొకడు ఆ పరుగులో వున్నాడు. పన్నెండు రౌండ్లు పూర్తయ్యేసరికి వాడే ముందున్నాడు. మిగిలింది అర రౌండు. గీత ఇంకా ముప్ఫై మీటర్లు వుందనగా కాలు మడతబడి పడిపోయాడు. సరిగ్గా అప్పుడే నేను ఫొటో నొక్కాను. మోకాళ్ళ మీద వున్నాడు, రెండు అరచేతులూ మట్టిలో వున్నాయి, తల ఎత్తి గీతకేసి చూస్తున్నాడు. పక్కనుంచి దూసుకుపోతున్న ఇంకొకడి కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి.

చూసినవాళ్ళంతా "ఫొటో అంటే ఇదిరా!" అన్నారు. సంచిక సంపాదకవర్గం వారు పూర్తి పేజీ కేటాయిస్తామన్నారు. గెలిచినవాడు ఛాతీతో రిబ్బను తెంపుతున్న ఫొటో కూడా నేనే తీశాను. దాన్ని ఎవరూ రెండోసారి చూడలేదు.

రాత్రి మావాడికి చూపించాను. చాలాసేపు చూసి, "బాగుందిరా. కాని వెయ్యొద్దు" అన్నాడు. 

"ఏం?" అన్నాను.

"పన్నెండు రౌండ్లు పరిగెత్తింది ఇందులో ఎక్కడుంది? పడ్డదొక్కటే వుంది. సంచిక ఇంటికి తీసుకెళ్తాను గదా, మా అమ్మ చూస్తుంది."

నాకు జవాబు తోచలేదు. గెలిచినవాడి బొమ్మ అంత పేలవంగా, పడినవాడి బొమ్మ అంత బలంగా ఎందుకుందో కూడా తోచలేదు. ప్రపంచంలో గొప్పవని పేరుపడ్డ ఆటల ఫొటోలు ఎందుచేత గొప్పవయ్యాయో తెలుసుకుంటే మావాడికి జవాబు చెప్పవచ్చుననుకున్నాను. కొన్నాళ్ళు అదే పనిగా చదివాను. చదివింది మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్క ఎంతవరకు వస్తుంది?

సైన్సు విద్యార్థిని కనుక లెక్కతోనే మొదలుపెడతాను. కెమెరాలో షట్టర్ అనేది ఒక తలుపు వంటిది. తెరుచుకుని వెలుతురును లోపలికి రానిస్తుంది, మళ్ళీ మూసుకుంటుంది. మాట వరసకు, కెమెరాకు అడ్డంగా సెకనుకు పది మీటర్ల వేగంతో ఒకడు పరిగెత్తుతున్నాడనుకోండి. షట్టర్ సెకనులో అరవయ్యో వంతు తెరిచి వుంటే ఆ కాస్తలోనే అతను సుమారు 17 సెంటీమీటర్లు జరిగిపోతాడు. బొమ్మలో ముఖం అలుక్కుపోతుంది. అదే వెయ్యో వంతు తెరిచి వుంటే జరిగేది ఒక్క సెంటీమీటరు. అప్పుడు ముఖంలో అలసట కూడా కనిపిస్తుంది.

మన కంటికి అందనిది కెమెరాకు అందుతుందని లోకానికి రుజువు చేసింది ఒక గుర్రం. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఆయన పందెపు బాట పక్కన వరుసగా కెమెరాలు అమర్చి, దౌడు తీస్తున్న గుర్రాన్ని ఫొటోలు తీశాడు. నాలుగు గిట్టలూ ఒకేసారి నేలను వదిలే క్షణం వుందని తేలింది. అంతకు పూర్వం చిత్రకారులు దౌడు తీసే గుర్రాన్ని ముందుకాళ్ళు ముందుకూ వెనుకకాళ్ళు వెనక్కూ బారచాపినట్టు గీసేవారు. నిజానికి కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడే అది గాలిలో వుంది. ఇందులో నవ్వుకోవలసింది ఏమీ లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఎడ్ల మధ్య పెరిగినవాణ్ణి నేను. మా ఎద్దు నడిచేటప్పుడు నాలుగు కాళ్ళూ ఏ వరుసలో వేస్తుందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

అయితే క్షణాన్ని కచ్చితంగా పట్టుకోవడమే గొప్పతనమనుకుంటే, ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటల ఫొటోలు ఫొటో ఫినిష్ కెమెరా తీసినవే కావాలి. 1984 ఆగస్టు 8న లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ జరిగింది. మన పి.టి. ఉష 55.42 సెకన్లలో పూర్తి చేసింది. రుమేనియాకు చెందిన క్రిస్టియానా కొజోకారు 55.41 సెకన్లలో పూర్తి చేసి కాంస్య పతకం తీసుకుంది. తేడా సెకనులో నూరో వంతు. ఉష సగటు వేగం సెకనుకు 7.2 మీటర్లు. ఆ లెక్కన నూరో వంతు సెకనంటే ఏడు సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు.

ఆ తేడాను పట్టే కెమెరా మామూలు కెమెరా వంటిది కాదు. అది మైదానాన్నంతా ఒకేసారి చూడదు. ముగింపు గీతను మాత్రమే సన్నని చీలికలోంచి చూస్తూ, క్షణక్షణానికీ ఆ గీత మీద ఏముందో దాన్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. అంచేత ఆ బొమ్మలో అడ్డంగా కనిపించేది దూరం కాదు, కాలం. అందులో మనుషుల కాళ్ళు వంకర్లు తిరిగి, సాగిపోయి కనిపించడానికి కారణం అదే. సాక్ష్యం విషయంలో దానికి తిరుగు లేదు. అయినా అటువంటి బొమ్మను గోడకు తగిలించుకున్నవారిని నేను చూడలేదు. మూడో స్థానం ఎవరిదో అది చెప్పగలదు. ఆ నూరో వంతు ఉష మనసులో ఏం చేసిందో చెప్పడం దాని పని కాదు.

కనుక లెక్క ఇక్కడితో ఆగింది. అక్కణ్ణుంచి నేను మనుషుల ఫొటోల దగ్గరికి వెళ్ళాను.

చోటు, ఓపిక, కాస్త అదృష్టం

1965 మే 25. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని లూయిస్టన్ అనే చిన్న పట్టణం. హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ కోసం ముహమ్మద్ అలీకీ సానీ లిస్టన్‌కూ రెండోసారి పోటీ. తొలి రౌండులోనే లిస్టన్ పడిపోయాడు. అతని మీద నిలబడి, కుడిచెయ్యి ఛాతీకి అడ్డంగా మడిచి, కండలు బిగబట్టి అరుస్తున్న అలీ ఫొటో మీలో చాలామంది చూసేవుంటారు. దాన్ని తీసిన నీల్ లైఫర్ వయస్సు అప్పటికి 22 ఏళ్ళు. మనకంటే రెండేళ్ళు పెద్ద, అంతే!

ఆ ఫొటోలో అలీ కాళ్ళ మధ్యలోంచి చూడండి. రింగుకు అవతలి వైపు కెమెరా పట్టుకున్న ఒక పెద్దమనిషి కనిపిస్తాడు. ఆయన హెర్బ్ షార్ఫ్‌మన్. లైఫర్ కంటే వయస్సులోనూ అనుభవంలోనూ పెద్దవాడు. కాని అలీ వీపు ఆయనవైపుంది. ముఖం లైఫర్ వైపుంది. లైఫర్ రింగు పైన బలమైన ఫ్లాష్ దీపాలు కట్టించుకున్నాడు. అవి ఒకసారి వెలిగితే మళ్ళీ విద్యుత్తు నింపుకునేదాకా ఆగాలి. చేతిలో వున్నది ఫిల్ము కెమెరా, అవకాశం ఒక్కటి. ఆ ఒక్కటీ తొందరపడి ముందే వాడెయ్యకుండా వుంచుకోవడంలోనే అతని నేర్పంతా వుంది. లిస్టన్ ఏ వైపు పడతాడనేది మాత్రం అదృష్టం. మా నాన్న పత్తి వేస్తాడు. వాన అతని చేతిలో లేదు, వాన పడ్డనాటికి దుక్కి దున్ని సిద్ధంగా వుండడం అతని చేతిలో వుంది. లైఫర్ సంగతీ నాకు అలాగే అనిపించింది.

ఇక్కడొక విశేషం. ఆ వారం "స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్" పత్రిక ఆ ఫొటోను ముఖచిత్రంగా వెయ్యలేదు, లోపలి పేజీలో వేసింది. దాని గొప్పతనం లోకానికి వెంటనే తెలియలేదు. మరో విశేషం. ఫొటో చూసి అది విజయగర్వమనుకుంటాం. నిజానికి లిస్టన్‌ను పడగొట్టిన దెబ్బ ఆ హాలులో చాలామంది కంటపడలేదు. ఇదంతా మోసమని జనం కేకలు వేశారు. అలీ అరుస్తున్నది "లేచి పోట్లాడు" అని! గెలిచినవాడు ఓడినవాణ్ణి లెమ్మంటున్నాడన్నమాట. ఈ సంగతి తెలిశాక మళ్ళీ చూస్తే అదే ఫొటో మరో విధంగా కనిపిస్తుంది.

ఈనాటి కెమెరాలకు ఒక్క ఫొటోకే ఆగిపోయే ఇబ్బంది లేదు. సెకనులో పదులకొద్దీ తీసెయ్యవచ్చు. మరి నేర్పు అక్కర్లేకుండా పోయిందా? 2024 జూలై 29న పారిస్ ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ పోటీలు పసిఫిక్ మహాసముద్రంలోని తాహితి ద్వీపం దగ్గర జరిగాయి. బ్రెజిల్ దేశస్థుడు గాబ్రియేల్ మెడీనా ఒక పెద్ద అలను దాటి, 9.90 మార్కులు తెచ్చుకుని, గాలిలోకి లేచి వేలెత్తి చూపించాడు. పక్కన అతని పలక కూడా నిట్టనిలువుగా గాలిలోనే వుంది. నేల మీద నిలబడ్డట్టు మేఘాల ముందు నిలబడ్డ మనిషి! పడవలోంచి ఆ ఫొటో తీసిన జెరోమ్ బ్రూయే ఆ క్షణంలో నొక్కింది కొద్ది ఫొటోలే. ఆ సముద్రాన్నీ ఆ అలలనూ ఎరిగినవాడు కనుక, మంచి అల దొరికినవాడు దాని చివర ఏదో ఒకటి చేస్తాడని కనిపెట్టుకుని వున్నాడు. యంత్రం ఎంత మారినా కనిపెట్టుకుని వుండడం మనిషి వంతే.

కదలిక లేని ఆటల ఫొటో

వేగమూ కదలికా వుంటేనే ఆటల ఫొటో అనుకునేవాణ్ణి. నా అభిప్రాయం తప్పని చెప్పింది 1968 అక్టోబర్ 16 నాటి ఫొటో. మెక్సికో నగరంలో ఒలింపిక్స్. 200 మీటర్ల పరుగులో అమెరికాకు చెందిన టామీ స్మిత్ 19.83 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించాడు. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ నార్మన్ 20.06తో రెండు, అమెరికాకే చెందిన జాన్ కార్లోస్ 20.10తో మూడు. ఆ పరుగు ఫొటోలు నూటికి తొంభై మంది చూసివుండరు. అందరికీ తెలిసింది "లైఫ్" పత్రికకు పనిచేసిన జాన్ డొమినిస్ పేరుతో వున్న ఫొటో. అందులో పరుగు లేదు. ముగ్గురు మనుషులు కదలకుండా నిలబడి వున్నారు, అంతే.

జాతీయగీతం వినిపిస్తుంటే స్మిత్, కార్లోస్ తలలు వంచి, నల్ల తొడుగులు వేసుకున్న పిడికిళ్ళు పైకెత్తారు. తమ దేశంలో నల్లవారికి జరుగుతున్న అన్యాయానికి నిరసన అది. కాళ్ళకు బూట్లు లేవు, నల్ల మేజోళ్ళే వున్నాయి. అది తమవారి పేదరికానికి గుర్తు. స్మిత్ ఎత్తింది కుడిచెయ్యి, కార్లోస్ ఎత్తింది ఎడమచెయ్యి. కార్లోస్ తన తొడుగులు బసలో మరిచిపోతే, వున్న ఒక్క జతనూ చెరొకటి వేసుకోమని సలహా ఇచ్చింది నార్మన్. ఆ మరుపు వల్లనే ఫొటోకు ఆ తూకం వచ్చింది. ఈ ముగ్గురి ఛాతీ మీదా ఒకే బిళ్ళ వుంది, మానవహక్కుల కోసం అమెరికా క్రీడాకారులు పెట్టుకున్న ఉద్యమానిది. స్మిత్, కార్లోస్‌లను జట్టునుంచి తొలగించి ఇంటికి పంపేశారు.

టామీ స్మిత్ తండ్రి టెక్సాస్‌లో పాలికి సేద్యం చేసినవాడు. పన్నెండుమంది పిల్లలు. ఆ పిల్లవాడు పత్తి ఏరుతూ పెరిగాడు. ఈ సంగతి చదివిన తర్వాతే నాకు ఆ వట్టి పాదాలకు అర్థం తెలిసింది. పత్తి ఏరేటప్పుడు కాయ మొనలు గీరుకుని వేళ్ళు ఎలా వుంటాయో మా ఇంట్లో అందరికీ తెలుసు. పతకం తీసుకునేటప్పుడు కూడా తాను ఎక్కణ్ణుంచి వచ్చాడో మరిచిపోని మనిషి ఆ ఫొటోలో వున్నాడు.

చూసేవారి వంతు

దీన్నిబట్టి ఇంకో విషయం తేలుతున్నది. ఫొటోలో సగం కాగితం మీద వుంటుంది, తక్కిన సగం చూసేవారి మనసులో వుంటుంది. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానం బాల్కనీలో కపిల్‌దేవ్ ప్రుడెన్షియల్ కప్పు పట్టుకున్న ఫొటో సంగతి చూడండి. కప్పు పట్టుకున్న కెప్టెన్ ఫొటో ప్రతి పోటీకీ ఒకటి వుంటుంది. దీనికే అంత విలువ ఎందుకు? 1975, 1979 ప్రపంచకప్పులు రెండూ కలిపి మనం నెగ్గింది ఒకే ఒక్క ఆట, అదీ తూర్పు ఆఫ్రికా మీద. ఆ రెండు కప్పులూ గెలిచిన వెస్టిండీస్ ముందు ఈసారి మనం చేసింది 183 పరుగులు. వాళ్ళను 140కి పడగొట్టాం. ఇదంతా తెలిసినవారికి ఆ నవ్వులో ఇదంతా కనిపిస్తుంది. మా నాయనమ్మకు ఆ ఫొటో చూపిస్తే, "కుర్రాడి నవ్వు బాగుంది. చేతిలో ఆ గిన్నె ఏమిటి?" అంది!

మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి సంగతీ అంతే. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. బరువు తలపైకెత్తిన ఫొటోలు ఎందరివైనా ఒకే మాదిరిగా వుంటాయి. కాని ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని అనే ఇళ్ళలో పెరిగిన మన తోటి విద్యార్థినులకు ఆ ఒక్క ఫొటో వేరు.

ఇంతవరకు చెప్పినదాన్ని క్రోడీకరిస్తే, కలకాలం నిలిచే ఆటల ఫొటోకు నాలుగు లక్షణాలు కనిపిస్తున్నాయి.

1. క్షణం సరైనదై వుండాలి. అది గెలిచిన క్షణమే కానక్కరలేదు. ఓడిన క్షణం, ఊరికే నిలబడ్డ క్షణం కూడా కావచ్చు.

2. చూడగానే శరీరాలు మాట్లాడాలి. ఒకడు నిలబడి ఒకడు పడివుండడం, వంచిన తల, ఎత్తిన చెయ్యి, ఇవి ఏ భాషవారికైనా తెలుస్తాయి.

3. స్కోరు పట్టికలో లేనిది అందులో వుండాలి. ఎవరు గెలిచారో పత్రిక చెబుతుంది. ఎలా గెలిచారో, దేనికోసం గెలిచారో ఫొటో చెప్పాలి.

4. ముందూ వెనుకా ఏం జరిగిందో చూసేవారికి తెలిసివుండాలి. లేదా తెలుసుకోవాలనే కోరికైనా కలగాలి.

ఫొటోలో రెండో మనిషి

ఇక్కడ మావాడి ప్రశ్న మళ్ళీ ఎదురైంది. అలీ ఫొటోలో నేలమీద వున్న లిస్టన్ ఎవరు? ఆర్కాన్సాస్‌లో పాలికి సేద్యం చేసే ఇంట్లో, ఇంటినిండా పిల్లల మధ్య పుట్టినవాడు. ఏ సంవత్సరం పుట్టాడో సరైన దాఖలా లేదు. చదువు అబ్బలేదు. పిన్ననాటనే పత్తిచేలో పనికి దిగాడు. 1962లో ఫ్లాయిడ్ పాటర్సన్‌ను తొలి రౌండులోనే పడగొట్టి ప్రపంచ విజేత అయ్యాడు. 1963లో మళ్ళీ అతన్నే తొలి రౌండులోనే పడగొట్టాడు. 1970 చివర్లో చనిపోయాడు. ఇంత జీవితం వున్నా లోకం గోడలకు తగిలించుకున్నది అతను వెల్లకిలా పడివున్న ఆ ఒక్క క్షణాన్నే. అతనికి ఇష్టమా అని అడిగినవారున్నట్టు నేను ఎక్కడా చదవలేదు.

మెక్సికో ఫొటోలో నార్మన్ పడిపోలేదు, నిలబడే వున్నాడు. అయినా చాలాకాలం అతన్ని ఎవరూ చూడలేదు. చెయ్యి ఎత్తలేదు కనుక ఏదో పక్కన నుంచున్నాడనుకున్నారు. అతని 20.06 సెకన్లు 2024 డిసెంబర్‌లో గౌట్ గౌట్ అనే పదహారేళ్ళ కుర్రవాడు 20.04లో పరిగెత్తేదాకా, 56 ఏళ్ళపాటు, ఆస్ట్రేలియా రికార్డుగా నిలిచింది. 2006లో నార్మన్ చనిపోతే స్మిత్, కార్లోస్ ఇద్దరూ వెళ్ళి శవపేటిక మోశారు. ఆస్ట్రేలియా పార్లమెంటు 2012లో అతనికి క్షమాపణ చెప్పింది. స్మిత్, కార్లోస్ చదివిన శాన్ హోసే విశ్వవిద్యాలయంలో 2005లో ఆ దృశ్యాన్ని విగ్రహంగా నిలిపారు. అందులో రెండో స్థానం మెట్టు ఖాళీగా వుంటుంది. వచ్చినవారెవరైనా అక్కడ నిలబడవచ్చునని నార్మన్ కోరిక మీదే అలా వదిలేశారు.

ఇవి చదివాక నాకు ఒకటి అర్థమైంది. ఫొటో ఒక క్షణాన్ని ఉంచుకుని తక్కినదంతా పారేస్తుంది. ఆ తక్కినది లోకానికి తెలిస్తే ఫొటో చుట్టూ అది బతికే వుంటుంది. తెలియకపోతే ఆ క్షణమే మనిషి అయిపోతుంది. లిస్టన్ కథ నావంటివాడికి కూడా పుస్తకాల్లో దొరికింది. మావాడి పన్నెండు రౌండ్లూ తెలిసినవాళ్ళం హాస్టల్లో నలుగురం. తెల్లవారకముందే లేచి కాలువ గట్టు మీద పరిగెత్తిన రోజులు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పూర్తి పేజీ ఫొటో కింద ఒక్క లైను వ్యాఖ్య వేస్తే ఇవేవీ అందులో పట్టవు. కనుక మావాడి మాటే నిజం. ఆ ఫొటో ఇవ్వలేనని సంపాదకవర్గం వారికి చెప్పాను. వారు పెద్దమనసుతో ఒప్పుకుని, దాని బదులు వ్యాసం రాయమన్నారు. ఇదే ఆ వ్యాసం.

ఒక్క తప్పు ఒప్పుకుని ముగిస్తాను. పడిన తర్వాత మావాడు లేచాడు. మోకాలు నెత్తురు కారుతుండగా ఆ ముప్ఫై మీటర్లూ కుంటుతూ పరిగెత్తి నాలుగోవాడుగా గీత దాటాడు. మైదానమంతా లేచి చప్పట్లు కొట్టిందట. "కొట్టిందట" అనే రాయవలసి వస్తున్నది. ఎందుకంటే ఆ సమయానికి నేను, తీసిన ఫొటో ఎలా వచ్చిందోనని, తల వంచుకుని ఫోన్ తెరకేసి చూస్తున్నాను. అసలు తియ్యవలసిన ఫొటో అప్పుడు నా ఎదురుగానే వుంది.

వచ్చే ఏడు పోటీలకు మావాడు మళ్ళీ తయారవుతున్నాడు. ఈసారి పడినా సరే, లేచి గీత దాటేదాకా ఫోన్ దించనని మాటిచ్చాను.

"మళ్ళీ పడతానని ఎందుకనుకుంటున్నావురా?" అన్నాడు.